కూర్పులో మూలం మాటేమిటి?

మన పత్రికల్లో డాక్యుమెంటరీల మీద వచ్చే సమీక్షలు దాదాపు ఒకే దారిన నడుస్తున్నాయి. వస్తువు ప్రజలదా కాదా, దృక్పథం స్పష్టంగా ఉందా లేదా, శిల్పం వస్తువుకు లొంగిందా లేక వస్తువునే మింగేసిందా, ఇవే ప్రశ్నలు. ఇవి అడగవలసినవే, కాదనను. కాని వీటికంటే ముందు అడగవలసినది ఒకటుంది. తెర మీద కనిపించే ఒక్కొక్క ముక్కా ఎక్కడిది? ఎవరు తీశారు? ఎప్పుడు తీశారు?

సినిమా టైటిళ్లలో ఎడిటింగుకు మనవాళ్లు 'కూర్పు' అని వేసేవారు. పుస్తకాన్ని సరిచూసి మళ్లీ అచ్చువేస్తే దాన్నీ 'రెండవ కూర్పు' అంటాం. ఒకే మాట రెండు పనులకూ వచ్చింది గాని, ఒక పనిలో ఉన్న నియమం రెండో పనిలోకి రాలేదు. సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చుకిచ్చే ముందు రాత ప్రతులు పోగుచేసి సరిపోల్చి చూశాడు. ఫలానా పాఠం ఫలానా ప్రతిలోనిది అని చెప్పడం పరిష్కర్త విధి అని సాహిత్య విద్యార్థులకు వేరే చెప్పనక్కర లేదు. ప్రతి పేరు చెప్పకుండా పాఠం దిద్దితే ఆ సిద్ధాంత వ్యాసాన్ని వెనక్కి పంపుతారు. అదే పని డాక్యుమెంటరీలో చేస్తే మనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాం.

ఇది ఛాందసం కాదు. ఒక ఉదాహరణ చూడండి. బేగంపేట విమానాశ్రయంలో సర్దార్ పటేల్‌కు నిజాం చేతులు జోడించి నమస్కరిస్తున్న బొమ్మ మనందరికీ తెలిసిందే. 1948 పోలీసు చర్య గురించిన వీడియోల్లో లొంగుబాటు అన్న మాట రాగానే ఈ బొమ్మ పడుతుంది. కాని లొంగుబాటు జరిగింది 1948 సెప్టెంబరు 18న. లొంగినవాడు హైదరాబాదు సేనాధిపతి ఎల్ ఎద్రూస్, ఎదుట నిలిచినవాడు మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి. పటేల్ రాక, నిజాం స్వాగతం 1949 ఫిబ్రవరి నాటివి. అయిదు నెలల తేడాకు ఇంత రాద్ధాంతం ఎందుకని అడగవచ్చు. తేడా అంకెలది కాదు, అర్థానిది. ఆ బొమ్మను సెప్టెంబరులో పెడితే చరిత్ర అంతా ఒక రాజు తల వంచిన కథ అవుతుంది. దాని తేదీలో దాన్ని పెడితే మరో కథ వినబడుతుంది. గద్దె మీద కొనసాగుతున్న నిజాముకూ కేంద్ర పాలకులకూ కుదిరిన సర్దుబాటు ఒక పక్క, అవే నెలల్లో తెలంగాణ పల్లెల్లో రైతుల మీద సాగుతున్న సైనిక చర్య మరో పక్క. ఆ సాయుధ పోరాటం 1951 అక్టోబరు దాకా ఆగలేదు. 1950 జనవరి 26న నిజాం రాజప్రముఖుడైనాడు. బొమ్మ అబద్ధమాడలేదు. దాన్ని కూర్చినవాడు తేదీ మింగేశాడు, అంతే.

మనవాళ్ల చేతుల్లోనూ ఇదే జరుగుతోంది. తెలంగాణ పోరాటం మీద నేను చూసిన కొన్ని వీడియోల్లో 'మా భూమి' దృశ్యాలను 1940ల నాటి అసలు చిత్రాలన్నట్టు వాడుకున్నారు. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నరసింగరావు నిర్మాతగా 1979లో వచ్చిన కథాచిత్రం అది. ఒక కళాకృతిని పత్రంగా చూపితే కళకూ అన్యాయమే, చరిత్రకూ అన్యాయమే.

ఇది పాత బొమ్మలకే పరిమితమైన జబ్బు అనుకునేవారి కోసం మాదాపూర్ సంగతి చెబుతాను. కంచ గచ్చిబౌలి మీద కొందరు యువకులు ఒక చిత్రం కూర్చుతుంటే, అక్కడి ఒక ఎడిటింగ్ గదిలో రెండు రోజులు కూర్చున్నాను. చిత్రం పూర్తయింది, ఇక మూలాల జాబితా తీయాలి. ఫిల్ము రోజుల్లో ఇది తప్పనిసరి పని. 35 ఎం.ఎం. నెగటివ్ అంచున అడుగుకొకటి చొప్పున అంకెలు ఉండేవి, అడుగుకు 16 ఫ్రేములు. ఎడిటర్ ప్రింటు మీద కోసినదాన్ని చూసి, ఆ అంకెల ప్రకారం నెగటివ్ కత్తిరించేవారు. అంకె తప్పితే నెగటివ్ పోయినట్టే. 1970లలో టేపు మీద కూర్పుకు కంప్యూటర్లు వచ్చాక ఇ.డి.ఎల్. అనే జాబితా వచ్చింది. నేటికీ దాని రూపం పెద్దగా మారలేదు. ఒక్కొక్క కత్తిరింపుకు ఒక వరస. అందులో వరస అంకె, రీలు పేరు, బొమ్మా ధ్వనా అన్నది, ఆపైన నాలుగు కాలసూచికలు. మూలంలో ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసింది, చిత్రంలో ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసింది అన్నవి ఆ నాలుగు. గంట, నిమిషం, సెకను, ఫ్రేము దాకా ఉంటాయి.

మీట నొక్కగానే జాబితా వచ్చింది. వచ్చింది గాని, దేనికీ పనికిరానిదిగా వచ్చింది. కెమెరా టేపుకు రీలు పేరుండేది, దాని కాలసూచిక దానికుండేది. ఫోనులో తీసిన ముక్కకు సాధారణంగా ఆ సూచిక ఉండదు. అన్నీ 00:00:00:00 దగ్గరే మొదలవుతాయి. పైగా వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన వీడియోకు అసలు పేరు రాలిపోతుంది. కొత్తగా తగిలిన పేరులోని తేదీ అది మనకు చేరిన రోజుది, తీసిన రోజుది కాదు. ఒక కూర్పులో మరో కూర్పును మడిచి పెడితే లోపలి ముక్కలు జాబితాకు అందవు, వాటిని విప్పాలి. ఆ ఎడిటర్ కుర్రవాడు అవన్నీ విప్పి, ప్రతి ముక్కకూ కొత్త పేరు పెట్టి, పంపినవారికి ఫోన్లు చేసి అసలు ఫైలు అడిగి తెప్పించాడు. చిత్రం కూర్చడానికి పట్టినంత కాలం దీనికీ పట్టిందన్నాడు. ఆ శ్రమ ఏ సమీక్షలోనూ కనిపించదు.

ఇంత కష్టం ఎందుకు? 2025 మార్చి 30న, ఉగాది నాడు, హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కనున్న 400 ఎకరాల్లోకి యంత్రాలు దిగాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు, అరెస్టయ్యారు. చెట్లు కూలడం దేశమంతా చూసిందంటే ఫోన్లలో తీసిన ముక్కల వల్లనే. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నరికివేత ఆపమంది. ఆ రోజుల్లోనే కృత్రిమ మేధతో తయారుచేసిన జింకల బొమ్మలు, నెమళ్ల బొమ్మలు కూడా తిరిగాయి. తిరిగాయన్నది నిజం. ప్రభుత్వం దాన్ని పట్టుకుని, ప్రచారమంతా బూటకపు బొమ్మల మీద నడిచిందని వాదించింది. కొందరికి పోలీసు నోటీసులు వెళ్లాయి. ఒక్క బూటకపు బొమ్మ వంద నిజమైన ముక్కల నోరు నొక్కడానికి ఎలా పనికొస్తుందో ఇక్కడ చూశాం. ఆ వందకూ మూలం చెప్పగలిగితే ఆ వాదన నిలబడదు.

విచిత్రమేమిటంటే, అదే మాదాపూర్‌లో కంపెనీలకూ అపార్ట్‌మెంట్లకూ ప్రకటనలు కూర్చే గదుల్లో ఈ లెక్క తప్పకుండా ఉంటుంది. కొన్న బొమ్మకు లైసెన్సు ఉంది, దానికి ఒక అంకె ఉంది. లెక్క తప్పితే దావా పడుతుంది. ఆస్తి అయిన బొమ్మకు చిట్టా ఉంది. సాక్ష్యమైన బొమ్మ దిక్కులేనిదై తిరుగుతోంది. దీన్ని ఎడిటర్ల అశ్రద్ధగా మాత్రమే చూడడం చాలదు.

మూలం చెప్పడం నిజాయితీకి మాత్రమే సంబంధించినదన్న అభిప్రాయమూ సరికాదు. 1927లో ఎస్ఫిర్ షూబ్ రోమనోవ్ వంశ పతనం మీద చిత్రం కూర్చినప్పుడు జారు ఆస్థానంలో తీసిన బొమ్మలనే వెతికి తెచ్చి వాడింది. జారు వైభవాన్ని కీర్తించడానికి తీసిన బొమ్మలు జారు మీదనే సాక్ష్యం చెప్పాయి. అవి ఎవరి కోసం తీసినవో తెలిసినప్పుడే ఆ దెబ్బ తగులుతుంది. అంటే మూలం శిల్పంలో భాగం.

దీనికొక గట్టి అభ్యంతరం ఉంది. జాబితా రాసి పెడితే రేపు అదే ముద్దాయిల జాబితా అవుతుందని మిత్రులంటున్నారు. నోటీసులు చూసిన తరువాత ఈ భయాన్ని కొట్టిపారేయలేం. కాని పేరు దాచడం వేరు, పేరు పోగొట్టడం వేరు. మారుపేరుతో రాసిన రచయిత ఆ మారుపేరును తానే ఎంచుకున్నాడు. ఫోను పట్టుకుని నిలబడిన అమ్మాయి పేరును మనం అడగకపోవడం ఆమె ఎంపిక కాదు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'కు అంత బలం ఎక్కడి నుంచి వచ్చింది? పోరాటంలో నిలిచిన స్త్రీలు ఒక్కొక్కరుగా తమ మాట తామే చెప్పుకోవడం నుంచి కదా! కాబట్టి చోటు, తేదీ, సమయం, ఎంత దూరం నుంచి తీశారన్నది చిత్రంలో ఉండాలి. పేరు ఉండాలో లేదో తీసినవారే చెప్పాలి. వద్దంటే "పేరు వద్దన్నారు" అని రాయాలి. పేర్లున్న ప్రతిని ఎక్కడ దాచాలన్నది విడిగా, చిత్రం మొదలుపెట్టే ముందే తేల్చుకోవాలి.

నేను చూసిన చిత్రం ఈ పనిలో చాలా దూరం వచ్చింది. చాలా ముక్కల కింద చోటూ తేదీ పడతాయి. రాత్రి దీపాల వెలుగులో యంత్రాలు కదిలే ముక్కను సంగీతం లేకుండా, కోయకుండా ఉంచారు. అది గొప్ప నిర్ణయం. కాని చివర ఒక జింక బొమ్మ ఉంది. నాలుగు సెకన్లు. జాబితాలో దాని ఎదురుగా "మూలం తెలియదు" అని ఎడిటర్ నిజాయితీగా రాశాడు. తీసేయమన్నాను. దర్శకుడు ఒప్పుకోలేదు. ప్రేక్షకుడి గుండె కదిలేది అక్కడే అన్నాడు. కదిలే మాట నిజమే. ఆ నాలుగు సెకన్లను పట్టుకునే మిగతా చిత్రాన్నంతా కొట్టేస్తారని నేనన్నాను. ఇది రాసేనాటికి ఆ బొమ్మ చిత్రంలోనే ఉంది.