కత్తెర అడిగే మొక్క

అక్వేరియంలో మొదటి మొక్కగా ఏది వేయాలని ఎవరడిగినా నేను హైగ్రోఫిలా పాలీస్పెర్మా పేరే చెబుతాను. చెరువుగట్ల దగ్గర ముళ్లతో పెరిగే నీరుగొబ్బికి ఇది దగ్గరి చుట్టం, ముళ్లు మాత్రం లేవు. పుట్టిల్లు మన దేశమే. దీన్ని వర్ణించి గ్రంథానికెక్కించిన విలియం రాక్స్‌బర్గ్, 1793లో కలకత్తా వెళ్లకముందు మన సామర్లకోటలో కుంపిణీ వారి తోట చూసుకున్నవాడే. ఖరీదైన లైట్లు, కార్బన్ డయాక్సైడ్ సిలిండరు ఇది అడగదు. 22 నుంచి 28 డిగ్రీల నీళ్లు, రోజుకు ఏడెనిమిది గంటల వెలుతురు ఉంటే చాలు, పెరిగే పని అదే చూసుకుంటుంది. మనకు మిగిలేది కత్తిరింపు. పనితనమంతా అక్కడే ఉంది.

దుకాణంలో కట్టలుగా అమ్ముతారు. రబ్బరు బ్యాండు తీసి కాడలు విడదీయాలి, కట్టను అలాగే గుచ్చితే మధ్య కాడలు కుళ్లిపోతాయి. ఒక్కో కాడను కణుపుకు కాస్త కింద కోసి, అడుగు రెండు కణుపుల ఆకులు తుంచి, రెండు వేళ్ల ఎడంతో పట్టకారుతో ఇసుకలోకి ఏటవాలుగా దించాలి. నిటారుగా గుచ్చితే తెల్లారేసరికి పైకి తేలుతుంది. పాత ఆకులు కొన్ని కరిగిపోతే కంగారు పడొద్దు. నర్సరీల్లో చాలావరకు నీటి బయటే పెంచుతారు, కాబట్టి నీళ్లలో బతికే పల్చటి ఆకులు అది కొత్తగా వేసుకోవాలి. చూడాల్సింది చిగురును.

కాడలు నీటి మట్టాన్ని అందుకుని అడ్డంగా పరుచుకోకముందే కత్తెర పెట్టాలి. ఆలస్యమైతే వెలుతురు అందక కింద ఆకులు రాలి కాడ బోసిపోతుంది. బంతి తలలు తుంచితే గుబురైనట్టే, సగానికి కోసిన కాడ కూడా పక్క కొమ్మలు వేస్తుంది. మరీ బోసిపోయినవాటిని వేళ్లతో పీకేసి, పై కొసల్నే మళ్లీ నాటడం మేలు. నాకైతే రెండో పద్ధతే ఇష్టం, గుంపు ఎప్పుడూ లేతగా ఉంటుంది.

ఈ కత్తిరింపును కళ చేసినవాళ్లు డచ్చివాళ్లు. వాళ్ల పద్ధతిలో ‘లైడెన్ వీధి’ అని ఒకటుంది. ఒకే రకం మొక్కల్ని ముందు పొట్టిగా, వెనక్కి వెళ్లేకొద్దీ మెట్టుమెట్టుగా పొడుగ్గా, ఏటవాలు వరసలో నాటుతారు. చిన్న గాజుతొట్టి కూడా లోతుగా కనిపిస్తుంది. వీధికి మామూలుగా నిదానంగా పెరిగే మొక్కలనే వాడతారు. హైగ్రోఫిలాతో వేస్తే మెట్లు ఊరికే చెదిరిపోతుంటాయి, అయినా చేయి తిరగడానికి అదే మంచిది.

ఇంత వేగానికి మేత ఎక్కడిది? చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా, నైట్రేటే. వాటిని ఇది ముందే లాగేసుకుంటే పాకుడుకు మిగిలేది తక్కువ. కొత్త ట్యాంకుకు ఈ మేలు చిన్నది కాదు. నీళ్లు మార్చడం మాత్రం మానకూడదు. మేత చాలకపోతే మొక్కే చెబుతుంది. ముదురాకుల్లో సూదిబెజ్జాలు పడితే చాలాసార్లు పొటాషియం కొరత, లేత చిగురు పాలిపోతే ఇనుము.

కోసిన ముక్కల్ని కాలవలో, చెరువులో వేయొద్దు. ఒక్క కణుపు చాలు, కొత్త మొక్క లేస్తుంది. అక్వేరియం వ్యాపారంతో వెళ్లి ఫ్లోరిడా, టెక్సస్ జలాల్లో అల్లుకున్నందుకే అమెరికా దీన్ని హానికర కలుపు జాబితాలో పెట్టింది. అక్కడి తెలుగువాళ్లు అనుమతి లేకుండా రాష్ట్రం దాటించకూడదు. ముక్కల్ని ఎండబెట్టి పూలకుండీల్లో ఎరువుగా వేసుకోండి.