రంగులా, గీతలా: పోర్ట్‌ఫోలియో దగ్గర ఆసనా, జిరా

ఒక సంస్థలో ఇరవై ప్రాజెక్టులు ఒకేసారి నడుస్తుంటే పైవాళ్లకు కావలసింది ఇరవై రిపోర్టులు కాదు. ఏది ఆగితే దానితోపాటు ఇంకేవి ఆగుతాయో తెలియాలి. 1952లో ఆర్థికవేత్త హ్యారీ మార్కోవిట్జ్ షేర్ల గురించి చెప్పిందీ ఇదే. ఒక్కో షేరుకు ఎంత రిస్కు ఉందో విడిగా లెక్కేస్తే చాలదు, అవన్నీ కలిసి ఎలా లేస్తాయో, కలిసి ఎలా పడతాయో చూడాలన్నారు. 1981లో వారెన్ మెక్‌ఫార్లన్ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఈ పోర్ట్‌ఫోలియో ఆలోచననే కంప్యూటర్ ప్రాజెక్టుల రిస్కుకు వర్తింపజేశారు. అందుకే పోర్ట్‌ఫోలియో అని చెప్పుకునే ఏ సాఫ్ట్‌వేర్‌నైనా నేను అడిగేది ఒకటే: ప్రాజెక్టులను వరుసగా పేర్చి ఊరుకుంటోందా, వాటి మధ్య ఉన్న ముడిని కూడా చూపిస్తోందా?

ఒక బ్యాంకును ఊహించుకుందాం. కొత్త మొబైల్ యాప్, కేవైసీ మార్పులు, పేమెంట్ల సిస్టమ్ అప్‌గ్రేడ్ అని మూడు ప్రాజెక్టులు, ముగ్గురు మేనేజర్లు. టెస్టింగ్ టీమ్ మాత్రం మూడింటికీ ఒక్కటే.

ప్రాజెక్టులను నడిపే సాఫ్ట్‌వేర్ ఆసనాలో ఈ మూడూ మూడు వరుసలుగా కనిపిస్తాయి. 2018లో వచ్చిన ఈ పోర్ట్‌ఫోలియో సదుపాయం చూడగానే అర్థమవుతుంది. ఎవరి ప్రాజెక్టు, ఎప్పటికి పూర్తికావాలి, ఇప్పుడెలా ఉంది అన్నీ ఒక్క తెర మీదే. ఒకే ప్రాజెక్టును రెండు మూడు పోర్ట్‌ఫోలియోల్లో పెట్టొచ్చు, ఒక పోర్ట్‌ఫోలియోలో ఇంకోదాన్ని ఇమడ్చవచ్చు. స్థితిని మాత్రం మనిషే చెప్పాలి. ప్రాజెక్టు బాధ్యుడు ఆన్ ట్రాక్, ఎట్ రిస్క్, ఆఫ్ ట్రాక్‌లలో ఒకటి ఎంచుకుంటే ఆ వరుసకు ఆకుపచ్చో, పసుపో, ఎరుపో పడుతుంది. దాని కింద నాలుగు మాటలు రాయాలి. ఆసనాలో నాకు నిజంగా విలువైనవి ఆ నాలుగు మాటలే. "వెండర్ దగ్గర్నుంచి ఏపీఐ ఇంకా రాలేదు, వచ్చినా మొదటి వారం దాన్ని సరిచూసుకోవడానికే పోతుంది" లాంటి సంగతి ఏ తేదీల లెక్కలోనూ దొరకదు. పని తెలిసిన మనిషే చెప్పాలి, ఆ మాట కింద పేరుండాలి.

అయితే మన బ్యాంకులో ముగ్గురు మేనేజర్లూ ఆకుపచ్చే పెట్టారనుకోండి. ఎవరూ అబద్ధమాడలేదు. ఎవరి ప్లాన్ వాళ్లకు సరిగ్గానే ఉంది. ముగ్గురూ టెస్టింగ్ టీమ్‌ను అవే రెండు వారాలకు లెక్కేసుకున్నారన్నది మాత్రం ఆ మూడు పచ్చరంగుల్లో ఎక్కడా లేదు. ఎవరి నెత్తిన ఎంత పనుందో ప్రాజెక్టులన్నిటినీ కలిపి చూపే వర్క్‌లోడ్ పేజీ ఉంది కదా అంటారు. ఉంది, మంచిదే. కానీ పనులు విడివిడిగా రాసి, మనుషులకు అప్పజెప్పి, తేదీలు వేసిన తరువాతే అందులో ఏదైనా కనిపించేది. టెస్టింగ్ పనులను అంత వివరంగా రాసేటప్పటికి సాధారణంగా పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

అలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ జిరా దారి వేరు. పోర్ట్‌ఫోలియో ఫర్ జిరాగా మొదలై, 2020లో అడ్వాన్స్‌డ్ రోడ్‌మ్యాప్స్‌గా మారి, ఇప్పుడు ప్లాన్స్ అని పిలుస్తున్న ఈ భాగం ఎవరి అభిప్రాయమూ అడగదు. టీముల బోర్డుల నుంచి, ప్రాజెక్టుల నుంచి, ఫిల్టర్ల నుంచి టికెట్లను నేరుగా లాక్కుని ఒకే టైమ్‌లైన్ మీద పరుస్తుంది. ఎపిక్‌ల (టికెట్లను గుదిగుచ్చే పెద్ద పనుల) పైన ఇనిషియేటివ్ లాంటి మెట్టు కట్టుకోవచ్చు. ఒక పని ఇంకో పని కోసం ఆగాలంటే రెంటికీ లింకు పెడతాం. మొదటిది ఆలస్యమై రెండోదాని తేదీల మీదకు వచ్చిందా, ఆ లింకు ఎర్రబడుతుంది. ఇక్కడ ఎరుపు ఒక ప్రాజెక్టుది కాదు, రెండింటి మధ్యది. మార్కోవిట్జ్ చూడమన్న చోటు అదే.

దీనికంటే నాకు నచ్చింది ఇంకొకటుంది. ప్లాన్‌లో కేవైసీని మూడు వారాలు వెనక్కి జరిపితే ఆ మార్పు వెంటనే టీముల టికెట్లలోకి పోదు. రివ్యూ ఛేంజెస్ నొక్కి, ఏది ఉంచాలో ఏది వద్దో చూసి సేవ్ చేసేదాకా అది ప్లాన్‌లోనే ఉంటుంది. టీములను కంగారుపెట్టకుండా "ఇలా చేస్తే ఏమవుతుంది" అని చూసుకునే వీలు ఇది. మూడింటిలో దేన్ని ఆపాలో తేల్చుకోవాల్సిన మేనేజర్‌కు ఇంతకంటే పనికొచ్చేది లేదంటాను.

జిరాకు లోటు లేదనడం లేదు. టికెట్లు ఎలా అప్‌డేట్ అవుతాయో గచ్చిబౌలిలో ఎవరినడిగినా చెబుతారు. శుక్రవారం సాయంత్రం గుత్తగా జరిపేవి కొన్ని, ఖాళీగా వదిలితే ఒప్పుకోదని ఏదో ఒక అంకె వేసిన ఎస్టిమేట్లు కొన్ని. లింకు పెట్టడం మరిచిపోతే ఎరుపే రాదు. ఆ పునాది మీద ప్లాన్ ఎంతో నమ్మకంగా పట్టీలు గీసేస్తుంది. మనిషి మాటకు అందులో సరైన చోటు లేదు. ఆ సంగతి జిరా తయారీదారు అట్లాసియన్‌కూ తెలిసినట్టుంది. 2022లో అట్లాస్ అని వేరే ఉత్పత్తి తెచ్చి, స్థితిని 280 అక్షరాల్లో రాసి పంపే పద్ధతి పెట్టింది. ఇక మెక్‌ఫార్లన్ అడిగిన రిస్కు సంగతికొస్తే, ఏ ప్రాజెక్టు ఎంత పెద్దది, అందులోని టెక్నాలజీ మనకెంత కొత్త అన్నవి ఆసనా, జిరా రెండింటిలోనూ మనమే కాలమ్‌లు పెట్టుకుని నింపుకోవాలి.

మార్కెటింగ్ ప్రచారాల లాగా ఒకదాన్నొకటి పెద్దగా తాకని పనులైతే నేను ఆసనానే తీసుకోమంటాను. ఒకే టీమ్‌ను పంచుకునే పనులకు జిరా. ఇలా అనడానికి మన దగ్గరి కారణం కూడా ఒకటుంది. హైదరాబాద్‌లో కోడు రాసి టెస్ట్ చేసే టీమ్‌కు ఆలస్యం అందరికంటే ముందు తెలుస్తుంది. కానీ స్టేటస్ రాసేది చాలాసార్లు అమెరికాలో క్లయింట్ ఎదుట కూర్చున్న ఆన్‌సైట్ మేనేజర్. వార్త అక్కడికి చేరేలోపు ఎరుపు పసుపవుతుంది, పసుపు పచ్చబడుతుంది. టికెట్‌లో తేదీ మారిస్తే అది మధ్యలో ఎవరి చేతా మెత్తబడకుండా ప్లాన్‌లోకి చేరుతుంది. మన బ్యాంకుకైతే జిరా ప్లాన్ పెట్టి, టెస్టింగ్ పనులకు మొదటి వారంలోనే లింకులు కట్టి, ముగ్గురు మేనేజర్ల చేతా వారానికి రెండు వాక్యాలు విడిగా రాయించమంటాను.