ఒక్క కార్డు తెలిసినవారి పాట

సరళీస్వరములు చేతికి పూర్తిగా రానిదే కీర్తన జోలికి పోరాదను గురువు వద్ద వయొలిన్ నేర్చి, ఎడమచేతి వ్రేళ్లకొసలు కాయలు కాచినవాడను గనుక, వాద్యమును చేపట్టిన కొలది మాసములకే వేదిక నెక్కువారి పాటను నేను చాలకాలము సంగీతమని ఒప్పుకొనలేదు. ఆ అభిప్రాయమును మార్చినది ది అడ్వర్ట్స్ అను లండను పంక్ బృందము.

ఇంగ్లండులోని డెవన్ సీమ నుండి వచ్చిన టి.వి. స్మిత్ పాటలు కట్టి పాడగా, గే అడ్వర్ట్ బేస్ గిటారు వాయించెడిది. 1977 జనవరిలో రాక్సీ క్లబ్బున తొలిసారి పాడిన ఈ నలుగురు ఏప్రిల్ నాటికే 'వన్ కార్డ్ వండర్స్' (కార్డ్ అనగా స్వరమేళనము) అను రికార్డును వెలువరించిరి. వాయించుట రానివారిని శ్రోతలు నేర్చుకొని రండు పొమ్మన్నచో ఏమి బదులు చెప్పవలెనన్నదే దాని వస్తువు. తమ అశక్తతను దాచుకొనక దానినే పాటగా మలచిన ఆ నిజాయితీ, ఏండ్ల సాధనకు ఏమాత్రమును తీసిపోదు. మరణశిక్ష పొందిన అమెరికా హంతకుడొకడు నేత్రదానము చేసెనను వార్తను ఆధారముగా గొని, ఆ కన్నులతో మేల్కొనిన రోగి భయమును స్మిత్ పాడిన 'గ్యారీ గిల్మోర్స్ ఐస్' ఆ ఏడే బ్రిటిష్ రికార్డుల పట్టికలో 18వ స్థానమునకు చేరినది. మిత్రుని బేస్ గిటారు పుచ్చుకొని ఆ పాట వెంట మీటబోయితిని. చరణము ముగియకమునుపే ముంజేయి బిగిసిపోయి, లయ చెదరినది. సులభమని నేననుకొన్నది సులభము కాదు.

1978లో వచ్చిన తొలి సంపుటము నేటికిని ఆ కాలపు ఉత్తమ కృతులలో ఒకటి. మరుసటి ఏడు, కీబోర్డులను గూడ చేర్చుకొని, విస్తృతమైన స్వరకల్పనతో వారు చేసిన 'కాస్ట్ ఆఫ్ థౌజండ్స్'ను మాత్రము జనము ఆదరింపలేదు; ఆ సంవత్సరాంతమునకు బృందమే చెదరిపోయినది. తొలుత కలిగించిన ఆశలను నెరవేర్చలేకపోయినారని వారిని గూర్చి అనుట వాడుక. నాకది అన్యాయమనిపించును. నేర్చుకొని రమ్మని పంపినవారే, నేర్చుకొని వచ్చినవారిని గుర్తింపకపోయిరి. సరళీవరుసలు దాటి తొలి కృతి నెత్తుకొన్న శిష్యునిలో పూర్వపు తడబాటునే వెదకు గురువు ఎక్కడనైన కలడా?

స్మిత్ ఆ పిమ్మట కూడ పాటలు వ్రాయుట మానలేదు. పెక్కేండ్లు ఒంటరిగా గిటారు పట్టుకొని ఊరూర పాడినాడు. వినదలచిన పాఠకులు తొలి సంపుటముతోనే ఆగిపోవలదు. రెండవదానిని గూడ అదే రాత్రి, తొందరపడక, వినుడు.