బందీలే కవచమైనప్పుడు: ‘బాహుబలి’లో యుద్ధవ్యూహం, రాజధర్మం

రాజమౌళి దర్శకత్వంలో 2015లో వెలువడిన ‘బాహుబలి: ది బిగినింగ్’ చిత్రంలో కాలకేయులు తమ చేతికి చిక్కిన మాహిష్మతి ప్రజలను సేనకు ముందు కవచంగా నిలుపుతారు. భల్లాలదేవుడు ఆ బందీలను సైతం నరుకుతూ సాగుతాడు. అమరేంద్ర బాహుబలి తాళ్లు విసిరించి, వారిని నేలకు వాల్చి కాపాడతాడు. కాలకేయ నాయకుణ్ణి వధించినవానికే సింహాసనమన్నది ముందస్తు షరతు. వధించినవాడు భల్లాలుడు; శివగామి రాజుగా ప్రకటించినది బాహుబలిని. దీనిని ధర్మవిజయంగా వ్యాఖ్యానించడం పరిపాటి. అయితే బాహుబలి వ్యూహానికి యుద్ధంలో మూల్యమేదీ చెల్లించవలసి రాలేదు. ఆ జాప్యం వల్ల ఓటమి సంభవించి ఉంటే బందీల రక్షణను శివగామి ఎలా తూచేది? కథనం ఈ ప్రశ్నను దాటవేసింది. అందువల్ల ఈ ఘట్టం కరుణను కీర్తించిందే గాని, రాజధర్మంగా దానిని పరీక్షించలేదు.