కోనసముద్రం ఉక్కుకు సాటి ఏది?

నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు కాచిన ఉక్కు దిమ్మ అరచేతిలో ఇమిడేంత ఉండేది. ఆ చిన్న దిమ్మ కోసం ఇస్ఫహాన్ నుంచి హాజీ హుస్సేన్ అనే వర్తకుడు వచ్చి, ఇనుము పాళ్లు దగ్గరుండి తూయించుకునేవాడని సర్వే బృందంలో పనిచేసిన వైద్యుడు హెన్రీ వాయిసీ రాసిపెట్టాడు. 1832లో ఆ రాత అచ్చయింది. పర్షియాలో ఇనుముకు కొదవ లేదు. దొరకనిది మన కమ్మరుల పనితనం!

ఉత్త ఇనుము మెత్తన. దాంట్లో పదును నిలవదు. కర్బనం కలిసేకొద్దీ గట్టిపడుతుంది, మోతాదు మించితే పోత ఇనుములా పెళుసెక్కి పగులుతుంది. మన ఉక్కులో కర్బనం నూటికి సుమారు ఒకటిన్నర పాళ్లు. ఆ అంచు మీద నిలబడి సుత్తి దెబ్బ తట్టుకునే లోహం తీయడం సామాన్యమా!

రెండు ఊళ్ల ఇనుమును మూడుకు రెండు పాళ్లలో కలిపి, మట్టి మూసలో పెట్టి, మూత మెత్తి, 24 గంటలు కొలిమి ఆరకుండా తిత్తులు ఊదేవారని వాయిసీ చెప్తాడు. నా మొదటి దండం మాత్రం ఆ మూసకే. మట్టిలో వరి ఊక కలిపేవారు. మంటకు ఊక మాడి బొగ్గవుతుంది, దానిలోని సిలికా మూసకు పట్టునిస్తుంది, మట్టిలో ముల్లైట్ అనే సూదుల్లాంటి స్ఫటికాలు పెరుగుతాయి. ఇనుము కరిగే వేడిలో ఆ బరువును మోసింది ఈ అల్లికే. థెల్మా లో అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 1990లో మూస పెంకుల్ని పరీక్షించి ఈ సంగతి బయటపెట్టారు. ఇంజనీరింగ్ పిల్లలు ఇవాళ 'కాంపోజిట్' అని చదువుకునేది మన వరి ఊక, మట్టి ఏనాడో చేసి చూపాయి.

కరిగిన ఉక్కును మూసలోనే నిదానంగా చల్లారనివ్వాలి. అప్పుడు లోపల చెట్ల కొమ్మల్లా స్ఫటికాలు పెరుగుతాయి, ఖనిజంతో వచ్చిన వెనేడియం లాంటి మలినాలు ఆ కొమ్మల సందుల్లో చేరతాయి. టన్నుకు కొన్ని పదుల గ్రాములున్నా చాలు. ఆ దిమ్మను ఎర్రటి వేడి దాటనివ్వకుండా మళ్లీ మళ్లీ కాచి సాగగొడితే, సిమెంటైట్ అనే ఇనుము-కర్బన సమ్మేళనపు గట్టి రేణువులు ఆ సందుల వెంటే వరుస కడతాయి. కత్తి మీద నీటి అలల్లా కనిపించే గీతలు అవే. తెల్లటి వేడికి కాచారో, దిమ్మ సుత్తి కింద పొడిపొడి అవుతుంది. ఐరోపా కమ్మరులు చాలామంది భంగపడింది అక్కడే.

కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడే 1819లో ఈ ఉక్కును పరీక్షించి, రహస్యం అల్యూమినా, సిలికాల్లో ఉందనుకున్నాడు. రష్యాలో లోహశాస్త్రజ్ఞుడు అనోసోవ్ 1841లో దీని మీద ఏకంగా పుస్తకమే వేశాడు. వెనేడియం సంగతి తేల్చినవారు అమెరికా ఆచార్యుడు వెర్‌హోవెన్, కత్తులు చేసే ఆల్‌ఫ్రెడ్ పెండ్రే. ప్రయోగశాలా కొలిమీ చేయి కలిపి 1998లో సాధించిన ఘనత అది. 2006లో జర్మనీ శాస్త్రజ్ఞుడు పాఫ్లర్ బృందం ఇలాంటి ఉక్కుతో చేసిన 17వ శతాబ్దపు కత్తిలో కర్బన నానోగొట్టాలు చూసింది. ఆ కత్తిని చేసినవాడు అసదుల్లా అనే నిపుణుడు. ఆయన పేరు నిలిచింది, నిలవాల్సిందే. మరి దిమ్మ కాచిన మన కమ్మరుల పేర్లేవి? ఈ ఉక్కు కత్తులను లోకం డమాస్కస్ కత్తులంది; పేరంతా డమాస్కస్‌కు పోయింది, మసి మనకు మిగిలింది.

సీమ ఉక్కు చవగ్గా వచ్చి పడింది, కొలిములు ఆరిపోయాయి. అంతకంటే మండేది ఇవాళ్టి మోసం. మామూలు స్టీలు మీద ఆసిడ్‌తో, లేజర్‌తో గీతలు గీకి 'డమాస్కస్ చాకు' అని అంగడిలో అమ్ముతున్నారు. రెండు రకాల ఉక్కును మడిచి అతికి కొట్టడం వేరే విద్య, దానికో గౌరవముంది. ఇది పైపూత, పచ్చి దగా! గీత లోపలి నుంచి పుట్టాలి. అరగదీసి మళ్లీ ఆసిడ్ పట్టిస్తే అసలు కత్తి గీత తిరిగి తేలుతుంది. నకిలీకి ఆ గీతే ఉండదు.

తెలంగాణ పల్లెల్లో చిట్టెం కుప్పలు, మూస పెంకులు ఇంకా ఉన్నాయి. పొలం చదునులో, రోడ్డు పనిలో అవి పోతే ఆ విద్యకు సాక్ష్యమే పోతుంది. ప్రభుత్వం వాటికి వెంటనే కంచె వేయించాలి. మన ఇంజనీరింగ్ కళాశాలలు లోహశాస్త్రం మొదటి పాఠానికి పిల్లల్ని కోనసముద్రం తీసుకెళ్లాలి. పెంకు కోసి, మెరుగు పెట్టి, సూక్ష్మదర్శిని కింద వాళ్ల కళ్లతోనే చూడనివ్వాలి.