రన్‌వే గోడ అవతలి గద్దలు

2025 సెప్టెంబరు 4న గన్నవరం విమానాశ్రయంలో బెంగళూరు విమానం రన్‌వే వైపు కదులుతుండగా గద్ద తగిలింది. సర్వీసు రద్దయింది. అదే నెల 18న విశాఖలో హైదరాబాద్ విమానం గాల్లోకి లేచాక పక్షి తగిలితే, వెనక్కి తిప్పి క్షేమంగా దించారు.

టేకాఫ్ వేళే ఎందుకంత భయం? అప్పుడు ఇంజన్లు పూర్తి బలంతో గాలిని లోపలికి లాగుతుంటాయి. విమానం ఇంధనంతో బరువుగా ఉంటుంది, కింద ఎత్తు ఉండదు. 'వీ1' అనే వేగం దాటాక పైలట్ ఆగాలనుకున్నా మిగిలిన రన్‌వే చాలదు. ఎగరాల్సిందే. 2022 జూన్ 19న పట్నాలో స్పైస్‌జెట్ విమానం లేస్తుండగానే పక్షి తగిలి ఎడమ ఇంజన్‌లో మంటలు లేచాయి. కెప్టెన్ మోనికా ఖన్నా ఆ ఇంజన్‌ను ఆపేసి, రెండోదానితోనే చుట్టు తిరిగి వచ్చి 185 మంది ప్రయాణికులను దించారు. అది ఏళ్ల సాధన.

నేల మీద జరిగే సాధన మాత్రం ఎవరి కంటా పడదు. రన్‌వే పక్క గడ్డి బాగా పెరిగితే ఎలుకలు చేరతాయి, వాటికోసం గద్దలు వస్తాయి. మరీ కురచగా కోస్తే తీతువు పిట్టకు అనువు. అది నేల మీదే, గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. కోసిన రోజున పురుగులు బయటపడి కొంగలు దిగుతాయి. వానాకాలంలో అయితే చెప్పనే అక్కర్లేదు. టపాసులు పేల్చి పక్షులను తరిమే సిబ్బంది పని ఈ లెక్కలన్నీ తెలిసి చేసే పని. దానికి దక్కాల్సిన గౌరవం దక్కడం లేదు.

అయినా ఆ పని ప్రహరీ దగ్గర ఆగిపోతుంది. విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్ల లోపల పక్షులు మూగేలా చెత్త, మాంసం వ్యర్థాలు పడేయరాదని 1937 నాటి విమాన నియమాల్లోని 91వ నియమం చెబుతోంది. తిరుపతి విమానాశ్రయానికి రేణిగుంట ఊరు ఆ గీత లోపలే ఉంది. కోళ్ల అంగళ్ల పేగులు, ఈకలు సాయంత్రం ఎక్కడికి పోతున్నాయన్నది ఇక్కడ పారిశుద్ధ్యంతో ముగిసే విషయం కాదు, ఆకాశానికి సంబంధించిన విషయం. కొండకు విమానంలో వచ్చే భక్తులు దిగేదీ ఎక్కేదీ ఈ రన్‌వే మీదే.

పక్షి తగిలాక మిగిలిన ఈక, రక్తపు మరక పరీక్షకు పంపితే జాతి తెలుస్తుంది. గద్ద అయితే మాంసం వ్యర్థాలు వెతకాలి, కొంగ అయితే నీటి మడుగు చూడాలి. ఆ వివరాలు నెలనెలా రేణిగుంట పంచాయతీకీ, చుట్టుపక్కల అంగళ్లవాళ్లకూ చేరాలి.