ఛాతీకి సోమవారం ఒక్కటే చాలదు

సోమవారం సాయంత్రం దాదాపు ఏ ఊరి జిమ్‌కి వెళ్లినా బెంచ్ ప్రెస్ బల్ల దగ్గర కుర్రాళ్లు వంతు కోసం నిలబడి ఉంటారు. సోమవారం ఛాతీ, మంగళవారం వీపు, బుధవారం భుజాలు, గురువారం చేతులు, శుక్రవారం కాళ్లు. ఒక్కో భాగానికి వారంలో ఒక్కరోజు. ఆ రోజు దాన్ని పిండి వదిలిపెట్టాలి, మళ్లీ వారందాకా దాని జోలికి పోకూడదు. బలం పెంచుకోవాలని వచ్చినవాళ్లకి ఈ పట్టిక సరిపోదని నా గట్టి నమ్మకం. ఒక్కో కండరానికి వారంలో రెండుసార్లు పని పెట్టాలి. కొత్తగా చేరినవాళ్లయితే ఒళ్లంతటికీ కలిపి మూడు రోజులు.

బరువులెత్తాక కండరం కొత్త ప్రోటీన్ కట్టుకోవడం మొదలుపెడుతుంది. కెనడా పరిశోధకులు 1995లో ప్రచురించిన ఒక చిన్న ప్రయోగంలో ఒక చేతికే కసరత్తు చేయించి, రెండో చేతితో పోల్చి చూశారు. 4 గంటలకి ఆ పని వేగం సగం మేర పెరిగింది. 24 గంటలకి రెట్టింపు దాటింది. 36 గంటలయ్యేసరికి దాదాపు మామూలు స్థాయికి దిగిపోయింది. కొత్తవాళ్లలో ఇది 48 గంటల దాకా సాగవచ్చు. ఎలా చూసినా సోమవారం మొదలైన పని బుధవారానికి ముగిసిపోతుంది. అక్కడినుంచి మళ్లీ సోమవారం దాకా ఆ ఛాతీ ఊరికే ఉంటుంది.

మరి కండలు తిరిగిన పోటీ వీరులు అలాగే చేస్తారు కదా అని అడుగుతారు. వాళ్లలో మందులు వాడేవాళ్ల లెక్క వేరు. 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో కొందరికి వారానికి 600 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్‌ని 10 వారాలపాటు ఇచ్చారు. మందు తీసుకుని అసలు కసరత్తే చేయనివాళ్లకి, మందు లేకుండా కష్టపడి బరువులెత్తినవాళ్లకంటే కొవ్వు కాని బరువు ఎక్కువ పెరిగింది. అలాంటి ఒంటికి కుదిరిన పట్టిక, పప్పూ గుడ్లూ తిని ఉద్యోగానికి పోయొచ్చే మన కుర్రాడికి కుదరాలని ఎక్కడుంది?

బలం విషయంలో ఇంకో సంగతుంది. కండ లావెక్కకముందే బలం పెరుగుతుంది. మొదటి వారాల్లో పెరిగే బరువులో ఎక్కువ భాగం నరాలు నేర్చుకున్నదే: ఏ కండరాన్ని ఎప్పుడు, ఎంత గట్టిగా బిగించాలో మెదడుకి పట్టుబడడం. సంగీతం నేర్చుకునే పిల్లని ఆదివారం ఒక్కరోజే ఆరుగంటలు కూర్చోబెట్టి మిగతా వారమంతా పాడొద్దని ఎవరూ అనరు. వెయిట్‌లిఫ్టర్లు శరీరాన్ని ఛాతీ, వీపు అని ముక్కలు చేసి సాధన చేయరు. స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్, స్క్వాట్ వారంలో చాలాసార్లు చేస్తూనే ఉంటారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం గెలిచింది ఈ సాధనలోంచే.

ఒక్క మాట ఒప్పుకోవాలి. వారం మొత్తంలో చేసే సెట్లు సమానంగా ఉంటే, ఒకసారికీ రెండుసార్లకీ కండ పరిమాణంలో తేడా తక్కువేనని తర్వాతి అధ్యయనాలు చెబుతున్నాయి. కానీ ఆ సమానం కాగితం మీదే. ఒకేరోజు ఛాతీకి 12 సెట్లు వేసేవాణ్ణి దగ్గరుండి చూడండి. ఏడో సెట్ నుంచి బార్ నత్తనడక నడుస్తుంది, మోచేతులు పక్కలకి జారతాయి, బరువు తగ్గించక తప్పదు. అవే 12ని సోమవారం 6, గురువారం 6 అని పంచితే ప్రతి సెట్టూ పనికొస్తుంది.

పైగా మనవి పెళ్లిళ్ల, పండగల బతుకులు. “అన్నా, శుక్రవారం మా అక్క పెళ్లి, లెగ్స్ వచ్చేవారం చేస్తా” అని ఒక కుర్రాడు మొన్న నాతో అన్నాడు. వారానికోసారి పట్టికలో ఒక్కరోజు తప్పితే కాళ్లకి 14 రోజుల ఖాళీ. రెండుసార్ల పట్టికలో మహా అయితే ఒక వారం. సంక్రాంతికి ఊరెళ్లొచ్చాక స్క్వాట్‌లో ఎవరు ఎక్కడ ఆగారో చూస్తే ఈ తేడా తెలుస్తుంది.

అన్నిటికీ ఒకే కొలత పనికిరాదు. డెడ్‌లిఫ్ట్ నడుముని, మొత్తం ఒంటిని అలసగొడుతుంది. దాన్ని బరువుగా వారానికి ఒకసారి, రెండోసారి తేలిగ్గా చేస్తే చాలు. పిక్కలూ ముంజేతులూ మూడు రోజులైనా ఓర్చుకుంటాయి. యాభై దాటినవాళ్లు మధ్యలో రెండు మూడు రోజులు విరామమివ్వాలి, కానీ మానకూడదు. పెద్దలందరూ వారంలో కనీసం 2 రోజులు కండరాలకి పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. కుర్చీలోంచి చేతి ఊతం లేకుండా లేవడం, నీళ్ల బిందె ఎత్తడం ఆ 2 రోజుల మీదే ఆధారపడతాయి. వాళ్ల స్నాయువులు కండరాలకంటే నెమ్మదిగా గట్టిపడతాయి కాబట్టి బరువు పెంచడంలో తొందరొద్దు. బార్‌కి చెరోపక్క 1.25 కిలోల ప్లేట్, అంటే మొత్తం 2.5 కిలోలు, అదీ ముందటిసారి అన్ని రెప్స్ శుభ్రంగా వచ్చాకే. చాలా జిమ్‌లలో ఈ చిన్న ప్లేట్లు ఉండవు. యజమానిని అడిగి తెప్పించుకోండి, లేదా మీరే ఒక జత కొనుక్కుని సంచిలో పెట్టుకెళ్లండి.